ఈ పూట ఈ కూరే ఎందుకు

మా పిల్లలిద్దరూ కాలేజీల్లో చేరాక నేను పీహెచ్‌డీలో చేరాను. పుట్టింది భిలాయిలోనే, చదివింది ఇక్కడే, కాపురమూ ఇక్కడే. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంట్‌లో ఉద్యోగానికని వచ్చి ఉండిపోయారు. మా ఆయనా ప్లాంట్‌లోనే ఇంజనీరు. సెక్టర్ 4లో క్వార్టరు. నేను దుర్గ్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పోషకాహారం పాఠాలు చెబుతాను. ఏది తింటే ఒంటికి మంచిదో ఏళ్ళ తరబడి చెప్పాను. విన్నవాళ్ళందరూ తలలూపి, ఇళ్ళకు వెళ్ళి, ఎప్పుడూ వండుకునేదే వండుకున్నారు. అందుకని నా పరిశోధనకు వేరే ప్రశ్న పెట్టుకున్నాను. మనిషి ఏం తినాలన్నది కాదు, తినేదేదో ఎందుకు తింటున్నాడన్నది. రుచి కోసమా, ఆరోగ్యం కోసమా, చవకనా, తొందరగా అయిపోతుందనా, చిన్నప్పటి అలవాటనా? వీటిలో దేని బలం ఎంతో కొలవాలి.

ఇలా కొలవడానికి పై దేశాల్లో ప్రశ్నపత్రాలున్నాయి. ఒక్కో వాక్యం చదివి, అది మనకు అసలు ముఖ్యం కాదో, కొంచెం ముఖ్యమో, ముఖ్యమో, చాలా ముఖ్యమో టిక్కు పెట్టాలి. అలాంటి దాన్ని భిలాయి తెలుగువాళ్ళకు పనికొచ్చేలా తయారుచేస్తానని చెప్పాను. మా గైడ్ గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన హిందీ ఆవిడ. మాట తక్కువ, ఎర్ర సిరా ఎక్కువ. ఆవిడ ఒకటే అన్నారు: "చెయ్యి. కానీ కొలత అంటే కొలతే ఉండాలి."

డిక్షనరీ పక్కన పెట్టుకుని వారాల పాటు కూర్చుని తెలుగు చేశాను. చక్కగా వచ్చిందనుకున్నాను. మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ రెండో వాక్యం దగ్గరే ఆపేశారు.

"ఇదేటమ్మా, 'నిత్యం నేను స్వీకరించే ఆహారం' అని రాసేవు? స్వీకరించడానికి అదేటి, పెసాదమా? తినడం అనలేవా?"

మా అత్తగారు ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళు దాటినా ఆవిడ మాటలో విజయనగరం అలాగే ఉంది. హిందీలో బేరమాడినా చివర్లో ఒక 'ఏటి' పడాల్సిందే. నేను నవ్వి ఊరుకున్నాను. పరిశోధన భాష అలాగే ఉంటుందని నా నమ్మకం.

ఒక ఆదివారం తెలుగువాళ్ళ సమావేశం ఉంటే, భోజనాలకు ముందు కాసేపు సమయం అడిగి కాగితాలు పంచాను. హాలు నిండుగా జనం. కుర్రకారు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఆంటీ, హిందీ మే నహీ హై క్యా?" అన్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. నాకు తెలియని సంగతేమీ కాదు, అయినా ఆ పూట తట్టలేదు. పెద్దవాళ్ళు చదివారు. నిల్వ మందులు కలపని ఆహారం అనడానికి నేను 'సంరక్షకాలు లేని ఆహారం' అని రాశాను. ఒక పెద్దాయన చెయ్యెత్తి, "సంరక్షకులు లేకపోడమేటమ్మా? తిండికి గార్డియన్ ఎవడు?" అని అడిగారు. హాలంతా గొల్లుమంది.

అది పరవాలేదు. మాటలు మార్చుకోవచ్చు. ఇంటికి వెళ్ళి కాగితాలు తిరగేస్తుంటే మాత్రం అసలు దెబ్బ తగిలింది. అందరికీ అన్నీ 'చాలా ముఖ్యం'. రుచి చాలా ముఖ్యం, ఆరోగ్యం చాలా ముఖ్యం, చవకగా ఉండటం చాలా ముఖ్యం, తేలిగ్గా వండగలగడం చాలా ముఖ్యం. కొందరు పైనుంచి కిందికి ఒకే గీత గీసేశారు. అన్నాల వేళయింది మరి!

గైడ్ గారు ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సబ్ కుచ్ జరూరీ? తో ఫిర్ నాపా క్యా?" అన్నారు. అన్నీ ముఖ్యమైతే ఇక నువ్వు కొలిచిందేమిటి అని. ఆ తరవాత మెల్లగా, విషయం మార్చుకోమన్నారు. రక్తహీనత మీద చేస్తే సుఖంగా అయిపోతుందన్నారు. నేను ఒక్క అవకాశం అడిగాను. "ఒక్కటే," అన్నారు ఆవిడ.

ఈసారి ఇంటింటికీ వెళ్ళి, పక్కన కూర్చుని, నేనే చదివి వినిపించి అడుగుదామనుకున్నాను. మా అత్తగారు తోడొస్తానన్నారు. సెక్టర్లలో ఆవిడకు తెలియని తెలుగు గడప లేదు. తలుపులు తెరిపించడంలో ఆవిడకు ఆవిడే సాటి. తెరిపించాకే కష్టం. నేను ఇంటావిడను ప్రశ్న అడుగుతాను, జవాబు మా అత్తగారు చెబుతారు.

"దానికేటి తెలుసు, నాను చెప్తాను రాయ్. ఈళ్ళింట్లో అందరికీ కారం ఉండాలి."

"అత్తయ్యా, ఆవిడని చెప్పనివ్వండి."

"చెప్పనీ, నానేటి వొద్దన్నానా? కారమేనమ్మా, కదేటి?"

ఆ ఇంటి కోడలు తన అత్తగారి వైపు ఒకసారి, మా అత్తగారి వైపు ఒకసారి చూసి, "అవునండి," అంటుంది. ఇక నేను ఏం కొలవను?

అలా విసిగిపోయిన ఒక సాయంత్రం పవర్ హౌస్ మార్కెట్‌లో కుక్కర్లూ మిక్సీలూ బాగుచేసే దుకాణానికి ఒక్కదాన్నే వెళ్ళాను. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన దంపతులది. భర్త సామాన్ల కోసం తిరుగుతుంటాడు, భార్య కౌంటర్‌లో కూర్చుంటుంది. నా ఈడుదే, నన్ను వదినా అంటుంది. గిరాకీ లేని వేళ చూసి ప్రశ్నలు మొదలుపెట్టాను. షరా మామూలే. "ముఖ్యమే గదా వొదినా." "అదీ ముఖ్యమే గదా." "అయ్యో, రుచి లేకపోతే ఎలాగ వొదినా?"

సగంలో ఉండగా ఆమె ఫోను మోగింది. భర్త.

"ఏటీ? చేపా? తాజాదేనా?... వొద్దొద్దు, తేకండి. పొద్దున్న దొండకాయలు తరిగీసి పెట్టీసేను. రేపటికి పాడైపోతాయి. ఆటిని పారబోయమంటారేటి?... రోహూ అయితే నానేటి చెయ్యను! వొద్దన్నాను గదా." ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఆఁ, అడుగు వొదినా."

నేను అడగలేదు. కాగితం పక్కన పెట్టేశాను. "నీకు చేప ఇష్టం లేదా?" అన్నాను.

"పేణం!"

"మరి ఇందాక రుచి చాలా ముఖ్యమన్నావు. ఆరోగ్యానికి మంచిదైతే అదీ చాలా ముఖ్యమన్నావు. చేప రుచీ, ఆరోగ్యమూనూ. ఎందుకు వద్దన్నావు?"

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ముఖ్యమే గానీ వొదినా, తరిగిన ముక్కలు పారబోసీలేం గదా!"

దుకాణం బయట ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటూ హారన్లు కొడుతున్నాయి. నా చెవికి ఏదీ వినబడలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. హాలులో వాళ్ళూ చెప్పలేదు. అన్నీ ముఖ్యమే. కానీ ఒక పూట ఒక పొయ్యి మీద రెండు ముఖ్యమైనవి ఎదురుబదురు పడితే, ఒకటి నెగ్గుతుంది, ఒకటి ఓడుతుంది. నేను ఒక్కోదాన్నీ విడివిడిగా నిలబెట్టి నువ్వెంత ముఖ్యమని అడుగుతూ వచ్చాను. అడగాల్సింది అది కాదు. పోటీ పెట్టాలి.

ఆ రాత్రే కొత్త ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. "రెండు కూరలున్నాయి. ఒకటి మీకెంతో ఇష్టం. ఇంకోటి ఈ పూట వండకపోతే పాడైపోతుంది. ఏది వండుతారు?" ఇలా జతలు జతలుగా. ఈసారి మా అత్తగారికి వినిపించి, ఆవిడ ఆపిన చోటల్లా మాట మార్చాను. కుర్రవాళ్ళ కోసం అవే జతలు హిందీ కలిసిన ఇంటి మాటలో రాశాను. మా అత్తగారికి వేరే పని అప్పజెప్పాను. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ ఆ ఇంటి పెద్దావిణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి కబుర్లలో పెట్టాలి. లోపల కోడలితో నేను.

"అంటే నన్ను బయటికి గెంటేస్తన్నావన్నమాట," అన్నారావిడ.

"మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు, అత్తయ్యా."

ఆవిడకు అది నచ్చింది. ఆ రోజు నుంచి వరండాల్లో నవ్వులు, లోపల వంటిళ్ళలో నిజాలు.

పక్కన ఎవరూ లేనప్పుడు, ఎవరూ తప్పుపట్టని ప్రశ్న అడిగితే మనుషులు ఎంత బాగా మాట్లాడతారో! ఏ విదేశీ కాగితంలోనూ లేని కారణాలు బయటికొచ్చాయి. ఒక ఆమె తన భర్త డ్యూటీకి పట్టుకెళ్ళే డబ్బాలోంచి ఒలకని కూరలే వారంలో ఎక్కువ రోజులు వండుతుంది. ఇంకొకామె కొడుకు స్కూల్లో డబ్బా మూత తీస్తే పక్కపిల్లలు ముక్కు మూసుకోకుండా ఉండే కూర వెతుకుతుంది. మా వెనక వీధిలో ఒకావిడకు ఎండు నెత్తళ్ళ చేపలంటే ప్రాణం. పై అంతస్తు వాళ్ళు శాకాహారులు. గొడవేమీ లేదు, పైగా మంచి స్నేహం.

"ఆ దీదీ ఏటీ అనదండి. అందుకే నాకు మొహమాటం. ఆళ్ళు ఊరెళ్తే ఆ రోజే నాకు నెత్తళ్ళ పండగ," అందావిడ, గొంతు తగ్గించి.

నేను అక్కడికక్కడే కొత్త జత రాశాను: మీకు ఇష్టమైన కూర ఒకవైపు, పక్కింటివాళ్ళకు వాసన ఇబ్బంది కలిగించని కూర ఒకవైపు.

జవాబులు చేతికొచ్చాక చూస్తే ఏ ఇద్దరివీ ఒక్కలా లేవు. నాకు గాల్లో నడుస్తున్నట్టు అనిపించింది. గైడ్ గారు మాత్రం కాగితాలన్నీ చూసి, "బాగుంది. కానీ నోటితో చెప్పింది గిన్నెలో ఉందా?" అన్నారు. తరవాత కట్టలోంచి కళ్ళు మూసుకుని మూడు కాగితాలు లాగారు. "ఈ ఇళ్ళకు రేపు వెళ్దాం. ఏం వండి ఉంటారో వెళ్ళేముందే నువ్వు నాకు చెప్పాలి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే ఎవరైనా నమ్ముతారు.

మొదటి ఇల్లు డబ్బాలోంచి ఒలకని కూరలు వండే ఆవిడది. ఆవిడ జవాబుల్లో భర్త డ్యూటీ డబ్బా అన్నింటినీ ఓడించింది. "పులుసు ఉండదు మేడమ్. వేపుడో, రొట్టెలోకి పొడికూరో," అన్నాను. వెళ్ళి అడిగితే ఆవిడ మూత తీసింది. బెండకాయ వేపుడు. గైడ్ గారు రెండో కాగితం తీశారు.

రెండో ఇల్లు. ఆవిడకు తేలిగ్గా అయిపోవడమే అన్నిటికన్నా ముఖ్యం. "పప్పూ అన్నం, మహా అయితే ఒక అప్పడం," అన్నాను ధీమాగా. తలుపు తియ్యగానే గారెల వాసన. పొయ్యి మీద కోడికూర కుతకుతలాడుతోంది. ఊరి నుంచి అన్నయ్య వచ్చాడట. నా మొహం చూసి గైడ్ గారి పెదవుల మీద నవ్వు కదిలింది.

"తప్పాను మేడమ్," అన్నాను బయటికొచ్చాక. "చుట్టాలొస్తే లెక్క మారిపోతుంది. నేను కొలిచింది మామూలు రోజు సంగతి. అది కాగితంలో స్పష్టంగా రాయాలి."

ఆవిడ ఆగి నా వైపు చూశారు. "మూడూ సరిగ్గా చెప్పుంటే నేను నమ్మేదాన్ని కాదు," అన్నారు.

మూడోది ఒక పెద్దాయనది. ప్లాంట్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యారు. కొడుకూ కోడలితోనే ఉంటారు, కానీ భార్య పోయాక తన కూర తనే వండుకుంటారు. ఆయన జవాబుల్లో చిన్నప్పటి రుచి ముందు ఏదీ నిలబడలేదు. తేలికా, ఆరోగ్యమూ, అన్నీ ఓడిపోయాయి. "ఏ కూరో చెప్పలేను మేడమ్. కానీ మా ఊళ్ళ వైపుదై ఉంటుంది, చెయ్యడానికి చచ్చేంత శ్రమ ఉంటుంది," అన్నాను.

వెళ్ళేసరికి ఆయన నేల మీద పేపరు పరుచుకుని, రెండు చేతులకూ నూనె రాసుకుని, పెద్ద కత్తితో పచ్చి పనసకాయను పొట్టు కొడుతున్నారు. టకటకటకమని ఆగకుండా చప్పుడు. సగం పొట్టు అప్పటికే ఉడికి, ఆవ పెట్టి సిద్ధంగా ఉంది.

"యే కటహల్ హై?" అన్నారు గైడ్ గారు. ఇక్కడి బజార్లో పనసకాయను పెద్ద ముక్కలుగా కోసి అమ్ముతారు, మసాలా వేసి వండుకుంటారు. ఇలా సన్నగా పొట్టులా కొట్టడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"హాఁ జీ, కటహలే. పొద్దుటి నుంచీ కొడతన్నాను. ముక్కలు అమ్ముతారు గదా, ఆటిని వండుకోవచ్చు గదా అంటాది మా కోడలు. ఆటికి ఈ రుచి వస్తాదేటండి?" అన్నారాయన, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ.

ఆయన వేడి అన్నంలో కలిపి పెడితే గైడ్ గారు తిన్నారు. ఆవ ఘాటుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మళ్ళీ పెట్టించుకున్నారు. మెట్లు దిగుతూ, "ఎన్ని ఇళ్ళు కావాలో అన్ని ఇళ్ళూ తిరుగు. విషయం మార్చాల్సిన పని లేదు," అన్నారు.

మెట్ల మీదే ఎగిరి గంతెయ్యాలనిపించింది. పక్కన గైడ్ ఉన్నారు కాబట్టి ఊరుకున్నాను.

ఆ వేసవంతా తిరిగాం, నేనూ మా అత్తగారూ. ఎండకు స్కూటీ సీటు కాలిపోయేది. ఆవిడ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వెనక కూర్చునేవారు. కొన్నాళ్ళ తరవాత అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అవే జతలు అడిగాను. ఎక్కువమంది మాట మారలేదు. మారిన చోట కారణం తెలుస్తూనే ఉంది. పిల్లలకు సెలవులిచ్చారు, డబ్బాల గోల లేదు. లెక్కలు కట్టి చూస్తే కారణాలు వాటంతట అవే గుంపులు కట్టాయి. వృథా కాకూడదన్న గుంపు, డ్యూటీ వేళల గుంపు, నలుగురిలో మాట పడకూడదన్న గుంపు. అచ్చం వంటిళ్ళలో విన్నట్టే.

వైవా రోజు హాలు నిండింది. వెనక వరసల్లో మా సెక్టరు ఆడవాళ్ళు పట్టుచీరలతో కూర్చున్నారు. పరీక్షకుడిగా వేరే రాష్ట్రం నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. గట్టి మనిషని పేరు. మొదటి ప్రశ్నే సూటిగా వేశారు.

"పక్కింటివాళ్ళకు వాసన వస్తుందని కూర మానెయ్యడం ఆహారపు కారణమా? అది సమాజ శాస్త్రం వాళ్ళ సంగతి కాదా?"

"సర్, ఆవిడ ఆ పూట నెత్తళ్ళు మాని ఆనపకాయ తిన్నది. ఆవిడ ఒంట్లోకి వెళ్ళింది ఆనపకాయే. దాన్ని అక్కడికి పంపిన కారణాన్ని నేను వదిలేస్తే, ఆవిడకు ఆనపకాయ ఇష్టమని తప్పు రాసినదాన్ని అవుతాను," అన్నాను. అంత తడుముకోకుండా చెప్పినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన తలూపి ఇంకోటి అడిగారు. "ఇంట్లో అత్తగారు వింటుంటే కోడలు నిజం చెబుతుందా?"

"చెప్పదు సర్. అందుకే ప్రతి ఇంట్లోనూ మా అత్తగారు వాళ్ళ అత్తగార్లను వరండాలోకి తీసుకెళ్ళిపోయేవారు."

వెనక వరసలో చప్పట్లు మొదలయ్యాయి. మా అత్తగారు లేచి నిలబడి నలువైపులా నమస్కారం పెట్టారు, సన్మానం ఆవిడకే అన్నట్టు. ప్రొఫెసరు గారు పగలబడి నవ్వారు. నవ్వు ఆపుకుని, నిన్న గెస్ట్‌హౌస్‌లో ఈ ప్రశ్నలకు తనే జవాబులు రాశాననీ, ఫోనులో భార్యకు చదివి వినిపిస్తే ఆవిడ సగం దిద్దిందనీ చెప్పారు. ఆ తరవాత లేచి, ఈ కొలత నిలబడుతుందని అందరి ముందూ అన్నారు. గైడ్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గర చదివినవాళ్ళు కూడా అది చూడలేదట.

పట్టా వచ్చాక నేను ఇంట్లో కూర్చోలేదు. ఇదే కొలతను ఛత్తీస్‌గఢీలోకి తెమ్మన్నారు గైడ్ గారు. మాట సాయానికి ఆ భాష మాట్లాడే అమ్మాయిలిద్దరు కుదిరారు. పోయిన నెల జాముల్‌లో సిమెంటు పనికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర మొదటిసారి చదివి వినిపించాం. పని నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఎండలో పనికి వెళ్ళే రోజు రాత్రి నీళ్ళలో నానేసిన చల్లని బాసీ అన్నం తింటారా, పొద్దున్నే లేచి వేడిగా వండుకుంటారా అన్నది మొదటి జత.

"మోలా తో బాసీ చాహీ!" అంది ఒకామె వెంటనే. తనకు బాసీయే కావాలట, మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుందట. పక్కామె ఒప్పుకోలేదు. నీకు పొద్దున్నే లేవడానికి బద్ధకం, అందుకే బాసీ అంటున్నావంది. మూడో ఆమె లేచి ఇద్దరి మీదా అరిచింది. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి తమ మాట కలిపారు. ఎవరిది వారు బల్లగుద్ది చెబుతున్నారు. సాయానికొచ్చిన అమ్మాయిలు ఎవరి మాట రాయాలో తెలియక నా వైపు చూశారు.

"అందరిదీ రాయండి. ఒక్కొక్కరిదీ వేరుగా," అన్నాను. ఆ గోలలో వాళ్ళకు వినబడలేదు. మళ్ళీ గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.